ఆదివారం బాడుగ

నలుగురికి ఆరువేలు.
డీజిలు నాది, ఎర నాది, ఐసుపెట్టె నాది.
వాంతి మాత్రం మీది, గాలివాటు చూసుకొని కక్కండి.
కొత్తకోడూరు రేవులో ఇంతకు మించి బేరం మాట్లాడను.

తెల్లారకముందే వస్తారు కార్లల్లో,
మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి,
ఒక్కోసారి మన ట్రంకురోడ్డు నుంచే.
వాళ్ల గాలం చక్రం ఒక్కోటీ
మా ఆడమనిషి మెళ్లో ఉండేదానికంటే ఖరీదు.
రబ్బరు చేపని చూపించి
"దీన్ని తింటుందా?" అని నన్నడుగుతారు.
తింటుంది సార్.
ఆకలిగొన్నది వాసన చూస్తా కూచోదు.

ఎక్కీ ఎక్కకముందే "వంజరం" అంటారు.
హోటల్లో విన్న పేరు గదా.
వంజరానికి పడవ ఆపకూడదు,
నిలబడిన ఎర అంటే దానికి నామోషీ.
పండుగొప్పకైతే ఇంత దూరం రాబళ్లేదు,
ఏటి మొగలో, పోటు తిరిగే గడియలో
పంచాయితీ పెద్ద మాదిరి కూచోని ఉంటుంది.
పార పడితే మాత్రం
అప్పిచ్చినోడు చొక్కా పట్టుకున్నట్టే లాగుతుంది.
జెల్లని మీరు ముట్టుకోవద్దు, నేను తీస్తా.
దాని ముల్లు ఒంగోలు డాక్టరు చేతిలో దిగితే
కట్టు కట్టింది నేనే.

ఆ ఆదివారం ఏదీ పళ్లేదు.
పది దాటింది. ఎండ నీళ్ల మీద పడి కళ్లలో గుచ్చుకుంటా ఉండాది.
గిరిధరన్ సారు మాట్లాడటం మానేశాడు.
వట్టి చేతులతో దిగే మొగోడి ముఖం
మా గడపలో ఎన్నోసార్లు చూసినోణ్ణి.
అందుకే, ఎవరికీ చూపించనిదాని వైపు
చుక్కాని తిప్పినా.

అది మా నాయన నాగూరయ్య రాయి.
మూడు తాళ్లు ఒకదాని ఎనక ఒకటి దాక్కొని
ఒక్క తాడైన చోట, పన్నెండు బారల అడుగున.
తుఫానుకి ఆ తాళ్లు పడిపొయినాయి, ఆ ఏడే నాయనా పొయినాడు.
నెలన్నర వెతికినా.
సీసపు గుండుకి బట్టల సబ్బు పూసి వదిలేది,
పైకి తీసి చూసేది.
ఇసక అంటుకొని వస్తే ఇంకా దూరం.
ఒకరోజు ఏమీ అంటలేదు, సబ్బు మీద గీత పడింది.
తలెత్తి చూస్తే
దక్షిణాన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు రెండూ ఒకటై నిలబడినాయి,
పడమట మాత గుడి శిలువ.
ఇప్పుడు అయ్యే నా తాళ్లు.

గాలం దిగిందో లేదో, బొంత!
పావుగంట పెనుగులాట.
ఎత్తుకొని ఫొటో, పక్కకి తిప్పి ఫొటో,
నొసట ముద్దు,
"పో తల్లీ" అని నీళ్లలోకి వదిలేశాడు.
అది పోలేదు.
అంత లోతు నుంచి ఒక్కసారిగా లాగితే
కడుపు నోట్లోకి వస్తుంది, మళ్లా మునగలేదు.
తెల్లటి పొట్టతో తేలతా మా పడవ పక్కనే వచ్చింది.
సారు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.
ముద్దు పెట్టిన నోరు తుడుచుకున్నాడు.
నేను బుట్టవలతో దాన్ని తీసి ఐసులో పెట్టినా.

అప్పుడు చూసినా ఆయన చేతిలో ఫోను.
తెర నిండా నీలం,
అందులో ఒక ఎర్ర బొట్టు పెడతా ఉన్నాడు, నాకు కనపడకుండా వంగి.
ఆ నీలంలో పొగగొట్టాల్లేవు, శిలువ లేదు,
సబ్బు ముక్క లేదు, నాయన లేడు.
గొంతు దాకా ఏదో వచ్చింది.
ఎనక్కి తిరిగి చూసినా.
రెండు పొగగొట్టాలూ విడిపొయి
మధ్యలో ఇంత ఆకాశం!
చేపతో పెనుగులాడిందీ, ముద్దాడిందీ, ఫొటోలు దిగిందీ
అంతసేపూ నీళ్లు మమ్మల్ని ఉత్తరానికి ఈడ్చుకుపోతానే ఉన్నాయి.
ఆ బొట్టు కింద ఉండేది వట్టి ఇసక.

నేనేం చెప్పలా.
రేవులో లెక్కపెట్టుకొని ఆరువేలు తీసుకున్నా.
"బాడుగకి పోయినోడివి చేప యాడిది?" అనింది పోలమ్మ.
తేలింది, తెచ్చినా అన్నా.

వచ్చే ఆదివారం మళ్లా వస్తారంట.
ఆ బొట్టు కాడికే తీసకపోతా,
యాడ ఆపమంటే ఆడ.
నలుగురికి ఆరువేలే.